వెన్నుపాము దెబ్బకు మూలకణాలు: జీడితోట అమ్మాలా, వద్దా?

కవిటి కొబ్బరిచెట్టు:
మా బావ కొబ్బరిచెట్టు మీది నుంచి పడి 14 నెలలైంది. నడుము కింద స్పర్శ లేదు. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను (స్టెమ్ సెల్స్) వెన్నులోకి ఎక్కిస్తామని ఒక నగరంలోని ఆసుపత్రి వారు అంటున్నారు. మూడు విడతలకు 6 లక్షలట. అక్క అరెకరం జీడితోట బేరానికి పెట్టింది. ఏం చేయమంటారు?

రాజాం రైతుబిడ్డ:
వేయించండి. జపాన్ 2018 డిసెంబరులోనే ఇలాంటి వైద్యానికి అనుమతి ఇచ్చింది. 13 మందికి ఎక్కిస్తే 12 మంది మెరుగయ్యారు. తోట మళ్లీ కొనుక్కోవచ్చు, కాళ్లు కొనగలమా?

విజయనగరం ఫిజియో:
లెక్క నిజమే, సగమే చెప్పారు. అది ఏడేళ్ల గడువుతో, షరతులతో ఇచ్చిన అనుమతి. కణాలు ఎక్కించని రోగులతో పోల్చి చూడనేలేదు. పైగా అది దెబ్బ తగిలిన కొత్తలో చేసేది, 14 నెలల తర్వాత కాదు. మన దేశ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాముకు మూలకణాలు ఇంకా ప్రయోగమే. ప్రయోగంలో చేరిన రోగి దగ్గర రూపాయి తీసుకోకూడదు. 6 లక్షలు అడిగారంటే అది అమ్మకం.

రాజాం రైతుబిడ్డ:
నియమాలు మంచం మీదున్నవాడికి చెప్పి చూడండి. మా చిన్నాన్నకు ప్రమాదంలో వెన్ను దెబ్బతింటే మూడో నెలలో ఎక్కించారు. కుడికాలి బొటనవేలు కదిలింది. ఆ రోజు పిన్ని వీధిలో అందరికీ పరమాన్నం పంచింది. మీ లెక్కల్లో ఆ వేలు ఎక్కడుంది?

విజయనగరం ఫిజియో:
మూడో నెల అన్నారు చూడండి, నా గొడవంతా అదే. మొదటి ఆరు నెలల్లో కొందరికి ఏ కణాలూ లేకుండానే కదలిక వస్తుంది. రావలసినది వచ్చిందా, కణాలు తెచ్చాయా? పోల్చకుండా ఎవరూ చెప్పలేరు. ఈ పరిశోధనంటే నాకు చులకన లేదు. జపాన్‌లోనే కెయో విశ్వవిద్యాలయం వారు నలుగురికి 20 లక్షల కణాల చొప్పున ఎక్కించి, ఒకరు నిలబడగలిగారని 2025లో చెప్పారు. నలుగురే అని వారే ఒప్పుకుంటారు. ఇంకో సంగతి: ముక్కులోని కణజాలం వెన్నులో పెట్టించుకున్న ఒక అమెరికా యువతికి ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే గడ్డ పెరిగింది. తీస్తే లోపల చీమిడి లాంటి ద్రవం.

టెక్కలి వాసి:
పదేళ్లుగా మా ఆయనను మంచం మీద చూసుకుంటున్నదాన్ని. మీరిద్దరూ జపాన్‌లోనే ఉన్నారు. తమ్ముడూ, మీ బావను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారా? నీళ్ల పరుపు ఉందా? వీపు కింద చేతి అద్దం పెట్టి రోజూ చూస్తున్నారా? మంచం పట్టినవారికి వచ్చే 15 వేల పింఛనుకు దరఖాస్తు పెట్టారా? మాలాంటి ఇళ్లలో మనిషిని తీసుకుపోయేవి కాళ్లు కాదు, పుండ్లూ మూత్రపు ఇన్ఫెక్షన్లూ.

కవిటి కొబ్బరిచెట్టు:
అక్కా, ఇప్పుడే చూశాను. ఎడమ పిరుదు మీద రూపాయి బిళ్లంత పుండు. మా అక్క పసుపు రాస్తోందట, మాకు చెప్పలేదు. ఆ ఆసుపత్రికి ఫోను చేసి, ఇది ప్రయోగమైతే దాని నమోదు సంఖ్య చెప్పమని అడిగాను. ముందు అడ్వాన్సు కట్టండి, అన్నీ తర్వాత మాట్లాడుకుందాం అన్నారు.

రాజాం రైతుబిడ్డ:
అడ్వాన్సు మాత్రం కట్టకండి. నా మాట మిగతాది నేను వెనక్కి తీసుకోవడం లేదు.

టెక్కలి వాసి:
పసుపు ఆపించు. రేపు మొదటి బస్సుకే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దారిలో ఆ పక్కకు పడుకోబెట్టకండి.