ట్రోపోనిన్ సిగ్నల్ డ్రిఫ్ట్‌లో కలిసిపోతోంది, ఎస్‌పీఆర్ తెలిసినవారు చెప్పగలరు

బరంపురంలో ప్రిజం రకం ఎస్‌పీఆర్ (సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్, బంగారు పూత మీద ఏదైనా అతుక్కుంటే ప్రతిఫలించే కాంతిలో వచ్చే మార్పును కొలిచే పద్ధతి) సెటప్. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ ప్రోటీన్‌ను పట్టుకోవాలని. 633 నానోమీటర్ల లేజర్, 2 నానోమీటర్ల క్రోమియం మీద 50 నానోమీటర్ల బంగారు పూత. ట్రోపోనిన్‌ను పట్టే యాంటీబాడీని ఈడీసీ-ఎన్‌హెచ్‌ఎస్ (ప్రోటీన్లను పూతకు అతికించే రసాయనాల జంట)తో అతికించి, మిగిలిన చోట్లను 1 మోలార్ ఇథనోలమైన్‌తో, పీహెచ్ 8.5 దగ్గర మూసేశాం. బఫర్‌లో మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము ట్రోపోనిన్ శుభ్రంగా కనిపిస్తోంది. 1 నానోగ్రాముకి దిగితే మిగిలేది డ్రిఫ్టే (బేస్‌లైన్ దానంతటదే మెల్లగా జరగడం). నీటి వక్రీభవన గుణకం డిగ్రీకి సుమారు 0.0001 మారుతుంది కాబట్టి గది ఏసీని నమ్ముకోవడం దండగ. కరెంటు పోయొస్తే బేస్‌లైన్ సంగతి చెప్పక్కర్లేదు. ద్రావణం పారే ఫ్లో సెల్‌కి పెల్టియర్ (ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచే పరికరం) పెడుతున్నాం, అది సరే.

అసలు చిక్కు సీరంతో. పదిరెట్లు పలచన చేసి 0.05 శాతం ట్వీన్-20 డిటర్జెంట్ కలిపినా, యాంటీబాడీ లేని రిఫరెన్స్ చానల్ కూడా పైకి లేస్తోంది, అంటే సీరంలోని వేరే ప్రోటీన్లు అతుక్కుంటున్నట్టే. పీహెచ్ 2 గ్లైసిన్‌తో కడిగినా పూర్తిగా దిగదు. ముందు పెగ్ (ప్రోటీన్లు అంటకుండా చూసే పాలిమర్) పొర వేయాలా, లేక 40 నానోమీటర్ల బంగారు కణాలకు రెండో యాంటీబాడీ తగిలించి, ట్రోపోనిన్ రెండు యాంటీబాడీల మధ్య ఇరుక్కునేలా శాండ్‌విచ్ చేసి సిగ్నల్ పెంచాలా? చేసి చూసినవారు పాళ్లతో సహా చెప్పండి.