యూకాన్ నది సాల్మన్ చేపల గురించి అలాస్కా ఫిషరీస్ బోర్డు ముందు మూడు నిమిషాలు: ఏం అడగాలి?

తెల్లపలక:

అందరికీ నమస్కారం. నేను అలాస్కాలో, ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉంటాను. యూకాన్‌లో చివరికి కలిసే చీనా నది మీద రెండు వేసవులు సాల్మన్ లెక్కపెట్టే పని చేశాను. నది అడుగున అడ్డంగా తెల్లటి పలకలు పరిచి ఉంటాయి. పైన నిలబడి, గంటకి 20 నిమిషాల చొప్పున, పలకలు దాటి ఎగువకు పోయే ప్రతి చేపకీ చేతిలోని మీట ఒకసారి నొక్కాలి. కింగ్ అనే పెద్ద రకం సాల్మన్ వెళ్తుంటే తెలుపు మీద ఎర్రటి నీడ జారినట్టు ఉంటుంది. రెండో ఏడాది కొన్ని షిఫ్టుల్లో 20 నిమిషాలు గడిచిపోయేవి, నా బొటనవేలు కదిలేదే కాదు. వానలు పడి నీళ్లు బురదగా ఉన్న రోజుల్లో ఏమీ కనపడదు, ఆ రోజుల లెక్క తర్వాత అంచనాతో పూరిస్తారు.

మా పక్కింటి అవ్వ అథబాస్కన్, అంటే ఇక్కడి ఆదివాసీ. యూకాన్ ఒడ్డున వాళ్ల కుటుంబానికి ఫిష్ క్యాంప్, అంటే వేసవిలో చేపలు పట్టి ఎండబెట్టుకునే విడిది, ఉంది. 2024 ఏప్రిల్‌లో అలాస్కా, కెనడా కలిసి యూకాన్ కింగ్ సాల్మన్ వేట ఏడేళ్లు ఆపేయాలని ఒప్పందం చేసుకున్నాయి. ఏడేళ్లంటే ఆ చేపకి ఒక జీవితకాలం. కెనడా సరిహద్దు దాకా ఏటా 71,000 చేపలు చేరాలన్నది లక్ష్యం. అవ్వ ఇప్పటికీ జూన్‌లో చేపలు కోసే కత్తికి పదును పెడుతుంది, గుడ్డలో చుట్టి మళ్లీ అదే పెట్టెలో పెడుతుంది. చేపని చీలికలుగా కోసి కర్రలకి వేలాడదీసి పొగబెట్టడం మనవలకి నేర్పాలంటే చేప ఉండాలి కదా. అలాస్కాలోనే మరోచోట ఉన్న బ్రిస్టల్ బే నుంచి దానంగా వచ్చిన సాల్మన్ ఆమెకూ అందింది. కృతజ్ఞతగానే తీసుకుంది. కానీ అది తన నది చేప కాదంటుంది.

అదే కింగ్, చమ్ అనే మరో రకం సాల్మన్ నదిలోకి రాకముందు సముద్రంలో, అలాస్కా ద్వీపకల్పం దగ్గర ఏరియా ఎం అనే వేట ప్రాంతంలో, సాకై అనే ఇంకో రకం సాల్మన్ కోసం వేసిన వలల్లో కొన్ని పడుతున్నాయి. నదిలో వేట మొత్తం మూసేసినా అక్కడ జూన్ వేట నడుస్తోంది. రాష్ట్రంలో చేపల వేట నియమాలు పెట్టే బోర్డ్ ఆఫ్ ఫిషరీస్ సమావేశంలో ఎవరైనా మాట్లాడొచ్చు, మనిషికి మూడు నిమిషాలు. నాకు కోపం ఉంది కానీ కోపంతో మూడు నిమిషాలు వృథా చెయ్యాలని లేదు. బోర్డు పనితీరులో ఏ ఒక్కటి మార్చమని అడిగితే నిజంగా ఉపయోగం?

ఏటికెదురు:

నేను ఆ సమావేశాలకి నాలుగుసార్లు వెళ్లాను. ముందు ఒక మాట, బోర్డు ఎవరిదో తెలుసుకుని మాట్లాడండి. ఏడుగురు సభ్యులు, గవర్నర్ నియమిస్తారు, శాసనసభ ఆమోదించాలి, పదవి మూడేళ్లు. ఏ ప్రాంతం వాళ్లన్నది చూడకుండా నియమించాలని చట్టమే చెబుతోంది. అంటే యూకాన్‌కి ఒక కుర్చీ ఖాయంగా ఉండాలంటే చట్టం మారాలి, అది ఆ ఏడుగురి చేతిలో లేదు. దానికి మీ ఎమ్మెల్యేని పట్టుకోండి, మూడు నిమిషాలు దానిమీద పెట్టొద్దు.

వాళ్ల చేతిలో ఉన్నది అడగండి. 2023లో యూకాన్ విషయం జనవరి సమావేశంలో, ఏరియా ఎం విషయం ఫిబ్రవరిలో వేరే సమావేశంలో చర్చించారు. రెండూ యాంకరేజ్‌లోనే. ఒకే చేప గురించి రెండుసార్లు, రెండు రకాల జనం ముందు! పల్లె నుంచి విమానం ఎక్కి రావాల్సిన వాళ్లు రెండుసార్లు ఎక్కడ రాగలరు? ఈ రెండూ ఒకే సమావేశంలో తీసుకోమని అడగండి.

ఇంకోటి. మిశ్రమ నిల్వల విధానం అని బోర్డు తనకు తానే పెట్టుకున్న నియమం ఉంది. నిల్వ అంటే ఒక నదికి చెందిన చేపల గుంపు, వేర్వేరు నదులవి ఒకే వలలో పడే చోట్ల గురించే ఈ నియమం. తగ్గిపోతున్న నిల్వను కాపాడే భారం, దాన్ని ఎవరు ఎంత పడుతున్నారో ఆ నిష్పత్తిలోనే అందరూ మోయాలని అందులో ఉంది. కొత్త నియమం అక్కర్లేదండీ. ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు.

బేరింగ్‌గాలి:

అన్నా, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఆ వలలు ఆగితే నది నిండుతుందని మాత్రం చెప్పకండి, అవతలివాళ్లు అదే పట్టుకుంటారు. సముద్రం వేడెక్కిన ఏళ్లలో చమ్ పిల్లలు సత్తువ లేని తిండి తిని, ఒంట్లో కొవ్వు లేకుండా చలికాలంలోకి వెళ్లాయి. కింగ్‌లు పోనుపోను చిన్నవి అవుతున్నాయి, చిన్న చేపకి గుడ్లు తక్కువ. దానికి తోడు ఇక్తియోఫోనస్ అనే జబ్బు.

సముద్రంలో పొలాక్ అనే చేప కోసం పెద్ద వలలు ఈడ్చే ట్రాలర్ ఓడల సంగతీ అంతే. 2021లో వాటి వలల్లో 5 లక్షలకు పైగా చమ్ పడ్డాయి. జన్యు పరీక్ష చేస్తే పశ్చిమ అలాస్కా నదులవి అందులో సుమారు పదో వంతు, ఎక్కువ భాగం ఆసియా హేచరీలవి. ఆ పదో వంతు చిన్నదని నేను అనను. అయితే ట్రాలర్లు ఈ బోర్డు కిందికి రావు, అవి ఫెడరల్ మత్స్య కౌన్సిల్ పరిధి. ఆ మాట బోర్డు ముందు ఎత్తితే మీ టైమ్ పోతుంది.

తెల్లపలక:

ఒప్పుకుంటాను. సముద్రం వేడిని బోర్డు తగ్గించలేదు. కానీ చేప తక్కువైన ఏడాది మిగిలినదాన్ని ఎవరు పట్టాలో తేల్చేది బోర్డే. జన్యు పరీక్షలో కూడా తీరప్రాంత పశ్చిమ అలాస్కా చమ్‌లన్నీ ఒకే గుంపుగా వస్తాయి, ఏది ఏ నదిదో విడదీయడం కష్టం. లెక్క తేలని చోట ఆ సందేహం ఇప్పుడు ఎగువన ఉన్నవాళ్ల నెత్తిన పడుతోంది. బురదనీళ్లలో నాకు చేప కనపడకపోతే అవ్వ వల మూతపడింది. సముద్రంలో ఏది ఎవరి చేపో తెలియకపోతే వల తెరిచే ఉంది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

మూడోగట్టు:

అలాస్కాలోనే ఉన్న కుస్కోక్విమ్ నది వైపు చూడండి. 2015లో అక్కడి తెగలన్నీ కలిసి ఇంటర్-ట్రైబల్ ఫిష్ కమిషన్ అనే ఉమ్మడి సంఘం పెట్టుకున్నాయి. ఫెడరల్ పరిధిలోని నీళ్లలో వేట ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నది ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనే ఫెడరల్ సంస్థతో కలిసి కూర్చుని చర్చిస్తారు. కింగ్‌లు అక్కడా తగ్గాయి, గొడవలు అక్కడా ఉన్నాయి. కానీ ఆంక్ష పెట్టినప్పుడు ఎందుకో చెప్పేది సొంత ఊరి మనిషి. ఆ తేడా పెద్దది. వాషింగ్టన్ రాష్ట్రంలో 1974 కోర్టు తీర్పు తర్వాత తెగలు రాష్ట్రంతో సమానంగా చేపల నిర్వహణలోకి వచ్చాయి, అయితే వాళ్లకి అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందపు హక్కు ఉంది, అలాస్కాలో అది లేదు. కాబట్టి ఆ ఉదాహరణ వాడకండి, లాయర్లు లేచి నిలబడతారు.

ఏటికెదురు:

చివరిగా ఒకటి. నోటితో చెప్పింది గాల్లో కలిసిపోకుండా, గడువులోపు రాసి కూడా పంపండి. సభ్యులు ఎక్కువగా చదివేది ఒక పేజీయే.

తెల్లపలక:

అందరికీ చాలా థాంక్స్. రెండే అడుగుతాను. ఒకటి, యూకాన్, ఏరియా ఎం ఒకే సమావేశంలో. రెండు, ఏ నిల్వని ఎవరు ఎంత పడుతున్నారో రాష్ట్ర మత్స్య శాఖ ఒక పట్టిక వేసి ఓటుకి ముందు బల్ల మీద పెట్టాలి, తేలని లెక్కని తేలలేదని రాసి మరీ పెట్టాలి, నది మూతపడిన ఏడాది ఆ తేలని భాగపు భారం సముద్రపు వలలు కూడా మోయాలి. అవ్వ కూడా పేరు రాయిస్తానంటోంది. ఆమె మూడు నిమిషాలు ఆమెవి, నేను అందులో చెయ్యి పెట్టను. నా పేజీ ఆదివారం ఇక్కడ పెడతాను. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.