పదకొండు గంటల ఎండలో పైపు నీళ్లతో ఇంద్రధనుస్సు ఎలా చూపించాలి?

ఫిబ్రవరి 28న సైన్స్ డే. మా బడి విజయవాడలో. ఏడో తరగతి పిల్లలకు తోట పైపుతో ఇంద్రధనుస్సు చూపించాలి, కానీ మాకు ఇచ్చిన టైమ్ ఉదయం 11. ట్రయల్ వేస్తే 8 గంటలకు చక్కగా వస్తోంది, తొమ్మిదిన్నర దాటాక మాయం.

కారణం తెలుసు. వంపు మన తల నీడ చుట్టూ దాదాపు 42 డిగ్రీల కోణంలో ఏర్పడుతుంది, సూర్యుడు అంతకంటే పైకెక్కితే అది కంటిమట్టం కిందికి దిగిపోతుంది. 11కి సూర్యుడు 58 డిగ్రీల దగ్గర ఉంటాడు.

సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకునే చేశాం. నాజిల్ తిప్పి సన్నటి తుంపర చేశాం, వెనక నల్ల పరదా కట్టాం. లాభం లేదు. మేడ మీద నుంచి కిందికి చూస్తే ఒక ముక్క కనిపించింది, అదీ నాకే, పక్కనున్న సార్‌కి కనబడలేదు (ఎవరి ఇంద్రధనుస్సు వాళ్లదే కదా!). పైగా పిల్లల్ని పిట్టగోడ దగ్గరికి పంపనివ్వరు. అద్దం, నీళ్ల పళ్లెంతో రంగులు వస్తాయి గానీ అది వంపు కాదు.

నేల మీదే నిలబడ్డ పదిమందికి 11 గంటలకు ఒకేసారి కనిపించాలంటే తుంపరను ఎంత ఎత్తులో, వాళ్లకు ఎంత దూరంలో పట్టాలి?