అప్‌డేట్: మొదటి మెట్టులో తప్పు, తర్వాతదంతా సరే. ఎన్ని మార్కులు?

సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఒక విద్యార్థి జవాబుకు ఎన్ని మార్కులివ్వాలని ఇక్కడ అడిగాను. 10 మార్కుల ఆ ప్రశ్న ఇది: ఎక్స్, వై అనే రెండు వస్తువులు ఎంతెంత కొంటే యుటిలిటీ (తృప్తి) యూ = ఎక్స్ × వై² గరిష్ఠమవుతుంది? ధరలు వరుసగా 3, 2, ఆదాయం 90. సరైన జవాబు ఎక్స్ = 10, వై = 30. విద్యార్థి వై మార్జినల్ యుటిలిటీని (ఇంకాస్త వై వల్ల పెరిగే తృప్తి, అంటే యూ డెరివేటివ్) 2×ఎక్స్×వై బదులు ఎక్స్×వై అని రాసి, అక్కడినుంచి తప్పు లేకుండా చేసి 15, 22.5 తెచ్చాడు.

మెట్లవారీగా విడగొట్టమన్న సూచనే పనిచేసింది. రెండు మార్జినల్ యుటిలిటీలకు ఒక్కోటి, నిష్పత్తికి 1, దాన్ని ధరల నిష్పత్తికి సమానం చేసినందుకు 2, బడ్జెట్ సమీకరణానికి 2, సాధనకు 2, తుది జవాబుకు 1. ఇతనికి పోయేవి డెరివేటివ్‌ది 1, తుది జవాబుది 1. వచ్చేది 8. 3×15 + 2×22.5 = 90 కాబట్టి బడ్జెట్ కూడా సరిపోయింది. ఒకే తప్పుకు ప్రతి మెట్టులోనూ కోయడం అన్యాయమని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను.

అయితే తప్పు వల్ల లెక్కే తేలికైపోతే సాధన మార్కులు పూర్తిగా ఇవ్వకూడదు. యూ = 2ఎక్స్ + వై లాంటి ప్రశ్నలో స్పర్శ నియమం (మార్జినల్ యుటిలిటీల నిష్పత్తిని ధరల నిష్పత్తికి సమానం చేయడం) వాడితే అది భావనలోనే తప్పు, అక్కడ ఈ వెసులుబాటు ఉండదు.

యూకి లాగరిథమ్ తీసుకుని చేసినవాళ్లకు మార్కులు తగ్గించాలా అన్న అనుమానం అనవసరమని తేలింది: మార్జినల్ యుటిలిటీలు మారినా వాటి నిష్పత్తి వై/(2ఎక్స్) మారదు, పూర్తి మార్కులే.