చర్చ: బాధితులనీ నేరం చేసినవాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టే ముందు ఏం చూసుకోవాలి?

వారధి
దొంగతనం, ఆస్తినష్టం, కొట్లాట కేసుల్లో రెస్టోరేటివ్ జస్టిస్ (బాధితులూ నేరం చేసినవాళ్లూ కలిసి మాట్లాడుకుని, జరిగిన నష్టాన్ని సరిదిద్దే దారి వెతికే పద్ధతి) సమావేశాలు నడపబోయే వలంటీర్ల కోసం చెక్‌లిస్టు తయారు చేస్తున్నాం. నాలుగు విషయాల్లో మీ సలహా కావాలి. ముందు తయారీ ఎంత ఉండాలి? క్షమాపణ ఉత్తరం ఎప్పుడు ఇవ్వాలి? ఒప్పందంలో ఏం రాయాలి? నేరం చేసిన వ్యక్తి ఇంట్లోవాళ్లకు ఎవరు అండగా ఉండాలి?

తెల్లకాగితం
ఉత్తరం సంగతి ముందు చెప్తాను, ఎక్కువ చేటు జరిగేది అక్కడే. బాధితులు అడగనిదే ఉత్తరం వాళ్ల ఇంటికి వెళ్లకూడదు. ఫైల్లో పెట్టి ఉంచండి. "ఒక ఉత్తరం ఉంది, చదవాలనిపిస్తే చెప్పండి, లేదంటే ఇక్కడే ఉంటుంది" అనండి, అంతే. ఆర్నెల్ల తర్వాత అడిగేవాళ్లూ ఉంటారు.

ఇచ్చే ముందు ఫెసిలిటేటర్, అంటే సమావేశం నడిపే మనిషి, ప్రతి వాక్యం చదవాలి. "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" లాంటి షరతులుంటే వెనక్కి పంపండి. తాగి ఉన్నాననీ స్నేహితులు రెచ్చగొట్టారనీ సంజాయిషీలు రాస్తారు, అవీ వద్దు. క్షమించమని బతిమాలడం అసలే వద్దు, జవాబు చెప్పాల్సిన బరువు బాధితుల మీద పడుతుంది. చేసిన పని సూటిగా ఉండాలి: "మీ తలుపు పగలగొట్టి లోపలికి వచ్చాను, మీ బీరువా తెరిచాను." అలాగని మీరు దిద్ది పెట్టకండి. మీ భాషలో ఉత్తరం వెళ్లి, మనిషి ఎదురుగా కూర్చుని నీళ్లు నమిలితే బాధితులు రెండోసారి మోసపోయామనుకుంటారు. ప్రశ్నలు అడిగి అతనిచేతే తిరగరాయించండి.

నిక్కచ్చి
ఫెసిలిటేటర్లకు శిక్షణ ఇచ్చే పని నాది, కాబట్టి తేల్చి చెప్తున్నాను. రెండు పక్షాలనూ విడివిడిగా కనీసం రెండేసి సార్లు కలవాలి. మొదటిసారి వినడానికే. రెండోసారి "అక్కడ ఏం అడుగుతారు, ఏ మాట వింటే లేచి వెళ్లిపోతారు" అని అడగాలి. ప్రాణం పోయిన కేసుల్లో ఈ తయారీకే నెలలు పడుతుంది. జరిగిన దాంట్లో ప్రధాన వాస్తవాలను నేరం చేసిన వ్యక్తి ఒప్పుకోకపోతే సమావేశమే లేదు. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి 2002లో ఆమోదించిన మౌలిక సూత్రాల్లో ఇవన్నీ ఉన్నాయి: సమ్మతి ఇష్టంతో ఇవ్వాలి, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, వచ్చి కూర్చున్నంత మాత్రాన దాన్ని కోర్టులో నేరాంగీకారంగా చూపకూడదు.

ఇంకొకటి. సమావేశంలో మొదట మాట్లాడాల్సింది నేరం చేసిన వ్యక్తే. ఇది వలంటీర్ల ఇష్టానికి వదలొద్దు.

తాళంచెవి
ఆ చివరి మాటతో అస్సలు ఒప్పుకోను. ఎవరు ముందు మాట్లాడాలో బాధితులు ఎంచుకోవాలి. నేరం జరిగినప్పుడు వాళ్ల చేతిలో ఏమీ లేదు. కోర్టులోనూ లేదు. ఇక్కడ కూడా వరస మీరే నిర్ణయిస్తే వాళ్లకు మిగిలేదేంటి?

నిక్కచ్చి
ఈ వరస గాల్లోంచి రాలేదండీ. 1991లో ఆస్ట్రేలియాలోని వాగా వాగాలో పోలీసులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఏం జరిగింది, అప్పుడు ఏం ఆలోచిస్తున్నావు, ఇప్పుడేమనిపిస్తోంది, ఎవరెవరికి దెబ్బ తగిలింది అని ముందు నేరం చేసిన వ్యక్తినే అడుగుతారు. అతను తన నోటితో చెప్పాక ఇక బాధితులు ఏదీ రుజువు చేయక్కర్లేదు, నేరుగా తమ బాధ చెప్పుకోవచ్చు. బాధితులే మొదలుపెడితే అవతలి మనిషి బిగుసుకుపోతాడు, ప్రతి మాటకీ సమాధానం వెతుక్కుంటాడు.

తాళంచెవి
ఆ పద్ధతి పుట్టింది కుర్రాళ్ల కేసుల కోసం. మాటకారి అయిన పెద్దమనిషికి మొదటి అవకాశం ఇచ్చి చూడండి. గది మొత్తాన్ని తన కష్టాలతో నింపేస్తాడు, బాధితురాలు అతన్ని ఓదార్చే స్థితికి వస్తుంది. బిగుసుకుపోతాడంటున్నారు, అది సరిగ్గా తయారు చేయకపోవడం వల్ల, వరస వల్ల కాదు.

నిక్కచ్చి
నేను తయారు చేయడం నేర్పించడం లేదనా మీ ఉద్దేశం? ఒక్క సమావేశమైనా నడిపి మాట్లాడండి.

వెనకబెంచీ
ఇద్దరూ కాస్త తగ్గండి. వారధి గారి చెక్‌లిస్టులో వరస ఒక ప్రశ్నగా ఉంటే చాలు: విడి సమావేశంలో బాధితులకు రెండు దారులూ, వాటి లాభనష్టాలూ చెప్పి అడగండి.

గది సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు వేర్వేరు వెయిటింగ్ గదులు, వీలైతే రెండు ద్వారాలు ఉండాలి. రావాల్సిన సమయాల మధ్య ఇరవై నిమిషాల తేడా పెట్టండి. బాధితుల కుర్చీ తలుపు దగ్గర ఉండాలి, దారికి ఎవరూ అడ్డు ఉండకూడదు. తోడు వచ్చినవాళ్లు పక్కనే కూర్చోవాలి. బ్రేక్ కావాలంటే చేసే సైగ ముందే అనుకోండి. అయిపోయాక రెండు పక్షాలూ వాష్‌రూమ్ దగ్గరో పార్కింగ్‌లోనో ఎదురుపడటం వల్ల చెడిన సమావేశాలు చాలా ఉన్నాయి. ముందు ఎవరు వెళ్లాలో బాధితుల్నే అడగండి.

గాలివాటం
ఇంత హంగామా అవసరమా? కెనడాలోని ఎల్మిరాలో 1974లో ఇద్దరు కుర్రాళ్లు 22 చోట్ల విధ్వంసం చేస్తే, ప్రొబేషన్ ఆఫీసర్ (జైలు బయట ఉన్న నేరస్థుల మీద కన్నేసి ఉంచే అధికారి) వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి ఇంటింటికీ తలుపు తట్టించాడు. ఈ ఉద్యమం మొదలైందే అలా. తయారీ పేరుతో నెలలు సాగదీస్తే జనం విసుగెత్తి మానేస్తారు.

తాళంచెవి
దాన్ని ఆదర్శంగా చూపకండి. చెప్పాపెట్టకుండా నేరస్థుడు గుమ్మంలో ప్రత్యక్షమైతే ఆ ఇంట్లోవాళ్ల సమ్మతి ఎక్కడుంది? నిక్కచ్చి గారితో వరస దగ్గర పేచీ ఉంది గానీ తయారీ విషయంలో ఆయన మాటే నా మాట.

సాగదీయడం గురించి మాత్రం ఒకటుంది. ఇలాంటి సమావేశాలను కోర్టు పద్ధతితో పోల్చి చూడటానికి 1995లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో మొదలైన ప్రయోగాల్లో, సమావేశం ఉంటుందని చెప్పి జరపని బాధితుల అసంతృప్తి మామూలుగా కోర్టుకు వెళ్లినవాళ్ల కంటే ఎక్కువగా కనిపించింది. అందుకే ముందు నేరం చేసిన వ్యక్తి వైపు కదలిక ఉందో లేదో చూసుకుని, తర్వాతే బాధితులకు ఆశ చూపండి.

నిక్కచ్చి
ఆ చివరి పేరా చెక్‌లిస్టులో మొదట పెట్టాలి. ఒప్పుకుంటున్నాను.

మెట్టుపక్క
భార్యాభర్తల మధ్య హింస కేసులు కూడా తీసుకుంటారా? అయితే ఆపండి. ఏళ్లతరబడి అదుపులో పెట్టుకున్న మనిషి గదిలో ఒక చూపు చూస్తే చాలు, ఆమె మాట మార్చేస్తుంది. అందరూ "మంచి ఒప్పందం" అనుకుంటారు. బంధువుల ఒత్తిడి మీద వచ్చిన సమ్మతి సమ్మతే కాదు. ప్రత్యేక శిక్షణ, భద్రతా ప్రణాళిక, ఆమె పక్షాన విడిగా ఒక సహాయకురాలు లేనిదే ముట్టుకోకండి.

వారధి
ఆ కేసులు తీసుకోవడం లేదండీ, మొదటి పోస్టులోనే రాశాను.

గడప
నాలుగో ప్రశ్నను ఒక్కరూ పట్టించుకోలేదు, ఎప్పుడూ జరిగేది ఇదే! నేరం చేసిన వ్యక్తి తల్లిని సమావేశానికి పిలుస్తారు, ఏడిస్తే టిష్యూ ఇస్తారు, ఇంటికి పంపేస్తారు. ఆమెతోనూ విడిగా ఒకసారి మాట్లాడాలి. "మీ పెంపకం" అని ఎవరైనా అంటే ఏం చేయాలో ముందే అనుకోవాలి. ఆమె తోడుమనిషీ కొడుకు తోడుమనిషీ ఒకరే కాకూడదు, ఆమెకు కొడుకు మీదున్న కోపం చెప్పుకునే చోటుండాలి.

జైల్లో ఉన్నవాళ్ల పిల్లల విషయం ఇంకా ముఖ్యం. నాన్న దూరదేశంలో పనికెళ్లాడని చెప్పిన అబద్ధం స్కూల్లో ఎవరో ఒకరి నోటి నుంచి బయటపడుతుంది. వయసుకు తగ్గ నిజం, తక్కువ మాటల్లో చెప్పాలి: "నాన్న తప్పు చేశాడు, అందుకు అక్కడ ఉండాలి, నీ వల్ల కాదు." ములాఖత్‌కు వెళ్లే ముందు సోదా ఎలా ఉంటుందో, ముట్టుకోవచ్చో లేదో పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి.

విడుదలయ్యాక భారమంతా ఇంటి మీదే వేయకండి. 1994లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన సర్కిల్ పద్ధతి చూడండి. ఒక మనిషి చుట్టూ నలుగురైదుగురు శిక్షణ పొందిన వలంటీర్లు, వాళ్ల వెనక నిపుణులు. ఆదరణ, నిలదీత రెండూ వాళ్ల పనే.

వారధి
గడప గారూ, ఇదే కావాల్సింది. ఇక మిగిలింది ఒప్పందం. డబ్బు వాయిదాలు మధ్యలో ఆగిపోతాయని భయం.

పద్దుపుస్తకం
ఆగిపోయేది మొదటే ఎక్కువ రాసుకోవడం వల్ల. సిగ్గుతో ఎంతంటే అంతకు తలూపుతారు. నెల ఆదాయం, అద్దె, పాత అప్పులు అక్కడే కాగితం మీద వేసి చూడండి. చిన్న వాయిదా పెట్టి తేదీ రాయండి. డబ్బు చేతికి చేయి ఇవ్వకూడదు, మధ్యలో సంస్థ ఉండాలి, లేదంటే ప్రతి నెలా ఇద్దరూ కలవాల్సి వస్తుంది. మూడు అంశాలు దాటితే ఏదో ఒకటి తప్పుతుంది. "మంచిగా ఉంటాను" లాంటివి రాయకండి, కొలవలేరు. రెండు వారాలకు ఒకసారి, తర్వాత నెలకొకసారి ఫెసిలిటేటరే ఫోన్ చేసి, ఎంత కట్టాడో బాధితులకు చెప్పాలి. వాళ్లే ఫోన్ చేసి అడగాల్సిన పరిస్థితి రాకూడదు.

వాయిదా తప్పితే వెంటనే కోర్టుకు రాయకండి. ఉద్యోగం పోయిందా, ఎగ్గొడుతున్నాడా కనుక్కుని, బాధితులు ఒప్పుకుంటే గడువు మార్చండి. నిక్కచ్చి గారు చెప్పిన 2002 సూత్రాల్లోనే, ఒప్పందం నెరవేర్చలేదన్న కారణంతో శిక్ష పెంచకూడదని కూడా ఉంది. ఆ సంగతి సంతకానికి ముందే రెండు పక్షాలకూ చెప్పండి.