‘ఫ్రాంకెన్‌స్టైన్’లో రొమాంటిక్ భావాలు: ఆల్ప్స్ వర్ణనలు కాక ఇంకేం రాయాలి?

ప్రశ్న:
మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మీద ఎం.ఏ. సెమినార్ పేపర్ రాస్తున్నాను. గోథిక్ (భయం, రహస్యం నిండిన) నవలలో రొమాంటిక్ భావాలు అన్నది అంశం. రొమాంటిక్ అంటే ప్రేమ కాదు, ప్రకృతికి, వ్యక్తి అనుభూతికి పెద్దపీట వేసిన సాహిత్యోద్యమం. కొండలు, మంచు, ఒక ప్రాణిని తయారుచేసిన కథానాయకుడు విక్టర్ ఒంటరితనం తప్ప ఇంకేమీ తట్టడం లేదు. ఏ అధ్యాయాలు చూడాలి? 1818 ప్రతి వాడాలా, 1831దా?

జవాబు 1:
ముందు ఏ ప్రతి వాడాలో తేల్చుకోండి. 1818లో నవల మూడు సంపుటాలు, ఒక్కోదానిలో అధ్యాయాల లెక్క మళ్లీ ఒకటి నుంచే. 1831లో వరసగా 24. అందుకే విమర్శ వ్యాసంలో ఇచ్చిన అధ్యాయం మీ పుస్తకంలో ఒక్కోసారి కనిపించదు. తేడా అంకెలతో ఆగదు. విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ 1818లో అతని మేనత్త కూతురు, 1831లో పెంపకానికి తెచ్చుకున్న అనాథ. 1831 ప్రతిలో విక్టర్ తప్పును విధి మీదకు నెట్టడం ఎక్కువ. బాధ్యత గురించి రాస్తే 1818 పట్టుకోండి.

జవాబు 2:
ప్రకృతిని వదలక్కర్లేదు, కానీ వర్ణన దగ్గర ఆగకండి. 1831 ప్రతిలో 10వ అధ్యాయం చూడండి. తమ్ముడు పోయి, ఆ హత్య నేరం మోపి పనిమనిషి జస్టిన్‌ను ఉరితీశాక విక్టర్ ఆల్ప్స్‌లోని మోంటన్‌వేర్ ఎక్కుతాడు. ఎదురుగా హిమనది, మోంట్ బ్లాంక్ శిఖరం. మనసు తేలికపడి, ఈ కాస్త సంతోషమైనా ఉండనివ్వమని అక్కడి ఆత్మలను వేడుకుంటాడు. సరిగ్గా అప్పుడే మంచు మీద దూకుతూ తాను తయారుచేసిన ఆ ప్రాణి వస్తుంది! ప్రకృతి ఓదారుస్తుందన్న నమ్మకాన్ని రచయిత్రి అక్కడే పరీక్షకు పెట్టింది. 18వ అధ్యాయంలో విక్టర్ స్నేహితుడు క్లెర్వల్‌ను వర్ణించడానికి రొమాంటిక్ కవి వర్డ్స్‌వర్త్ ‘టింటర్న్ అబ్బే’ కవిత పంక్తులు వాడి, ‘నన్ను’ అన్నచోట ‘అతన్ని’ అని మార్చింది. అంతటి ప్రకృతి ప్రేమికుడూ 21వ అధ్యాయానికి శవమై కనిపిస్తాడు. భావకవిత్వం చదివి పెరిగిన మనకు ఈ మలుపు సులభంగా జారిపోతుంది.

జవాబు 3:
ప్రాణి వైపు నుంచి 15వ అధ్యాయం తప్పనిసరి. దానికి దొరికినవి మూడు పుస్తకాలు: గెటే నవల ‘వెర్తర్’, ప్లూటార్క్ రాసిన గ్రీకు, రోమన్ ప్రముఖుల జీవితచరిత్రలు, మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’. మొదటిది దిగులు నేర్పింది, రెండోది గొప్ప ఆలోచనలు. మూడోది చదివి తనను ఆదాముతో పోల్చుకుంది, తర్వాత సైతానుతో. పుట్టుకతో మంచిదే, దుఃఖమే దుష్టత్వంలోకి నెట్టిందన్న వాదన ఇక్కడ బలపడుతుంది. మనిషి పుట్టుకతో మంచివాడే, సమాజమే చెడగొడుతుందన్న తాత్వికుడు రూసో ప్రస్తావన తేవలసింది ఈ చోటే.

‘సైన్స్ చెడ్డదని నవల సందేశం’ అని మాత్రం రాయకండి. 5వ అధ్యాయంలో ప్రాణి కళ్లు తెరవగానే విక్టర్ గదిలోంచి పారిపోతాడు. కథలో అనర్థాలన్నీ ఆ విడిచిపెట్టడం నుంచే పుట్టాయి. నవల ఉపశీర్షిక ‘ఆధునిక ప్రొమీథియస్’ను ఇక్కడికి తెచ్చి కలపండి. గ్రీకు పురాణంలో ప్రొమీథియస్ దేవతల నిప్పు దొంగిలించి మనుషులకిచ్చి శిక్ష పొందినవాడు. కవి బైరన్ 1816 కవితలో ప్రొమీథియస్ మనుషుల కోసం హింస భరించిన వీరుడు. మేరీ షెల్లీ ప్రొమీథియస్, అంటే విక్టర్, తాను చేసిన మనిషికి పేరు కూడా పెట్టలేదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఎనిమిది పేజీల్లో ఇవన్నీ పడతాయా?

జవాబు 2:
పట్టవు. 10, 15 అధ్యాయాలు రెండే తీసుకుని, ఒక్కోదానికి మూడు పేజీలివ్వండి. 1816 వేసవి, జెనీవా సరస్సు, ఈ నవలకు బీజం వేసిన దయ్యాల కథల పోటీ నేపథ్యం ఒక పేరాలో ముగించండి.