అడెలే వీలునామాలో గ్యాలరీకి ఇమ్మని ఉంది కదా, మరి క్లిమ్ట్ బొమ్మలు వారసులకి ఎలా వచ్చాయి?

చదువరి77:
వియన్నాకి చెందిన బ్లోఖ్-బావర్ అనే యూదు కుటుంబం కేసు గురించి చదువుతున్నా, ఒక్క చోట ఆగిపోయా. అడెలే 1925లో పోయింది, 1923లోనే రాసిన వీలునామాలో మా ఆయన తదనంతరం చిత్రకారుడు క్లిమ్ట్ వేసిన బొమ్మలు ఆస్ట్రియా ప్రభుత్వ గ్యాలరీకి ఇమ్మని కోరిందంట, అంటే నాజీలు రాకముందే కదా. మరి 2006లో ఆమె అక్క కూతురు మరియా ఆల్ట్‌మన్, మిగతా వారసులకి ఐదు బొమ్మలు ఎలా ఇచ్చేశారు? దోపిడీ జరగలేదని అనట్లేదు, చట్టప్రకారం ఎలా నిలబడిందో తెలుసుకుందామని అడుగుతున్నా.

పాతకాగితం:
ముందు ఆ బొమ్మలు ఎవరివో చూడండి. అవి భర్త ఫెర్డినాండ్ ఆస్తి, చక్కెర ఫ్యాక్టరీల ఆసామి ఆయన. అడెలే రాసింది భర్తకి విన్నపం, అంతే, సొంతం కానిది ఆవిడ రాసిచ్చెయ్యలేదుగా. ఆవిడ కోరిక తీరుస్తానని ఆయన అప్పట్లో అన్నమాట నిజమే. కానీ 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాక ఆయన ప్రాణాలు దక్కించుకుని పారిపోయాడు, పన్ను ఎగ్గొట్టాడని కేసు పెట్టి ఇల్లూ ఫ్యాక్టరీ బొమ్మలూ అన్నీ లాక్కున్నారు, అమ్మి సొమ్ము చేసే పని ఎరిక్ ఫ్యూరర్ అనే నాజీ లాయర్ చేతిలో పెట్టారు. 1945లో జ్యూరిక్‌లో చనిపోయేముందు రాసిన వీలునామాలో ఉన్నదంతా అన్న పిల్లలకే రాశాడు. తనని తరిమేసిన దేశానికి కానుక ఇవ్వాలని ఎవరికుంటుందండీ.

ఇంకోటి. క్లిమ్ట్ వేసిన అడెలే బంగారు రంగు బొమ్మ 1936లోనే విరాళంగా వచ్చిందని గ్యాలరీ వాళ్ళ పుస్తకాల్లో వేసుకున్నారు. 1998లో హుబెర్టుస్ చెర్నిన్ అనే జర్నలిస్టు ఫైళ్ళు తీసి చూస్తే అది 1941లో వచ్చింది, కూడా ఆ లాయర్ ఉత్తరం, కింద 'హైల్ హిట్లర్' అని సంతకం. ఆ ఒక్క కాయితం చాలు నాకు.

చదువరి77:
అమ్మో, ఇది నాకు తెలీదు. మరి యుద్ధం అయిపోగానే అడగలేదా వాళ్ళు?

రాధిక_లా:
అడిగారండీ, కానీ అసలు అన్యాయం అక్కడే ఉంది నా దృష్టిలో. 1948లో మిగతా వస్తువులు దేశం దాటించాలంటే ఎగుమతి పర్మిషన్ కావాలి, అది కావాలంటే క్లిమ్ట్ బొమ్మలు గ్యాలరీవేనని ఒప్పుకోవాలి, వాళ్ళ లాయర్ ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఇలా చాలా కుటుంబాల దగ్గర 'విరాళం' పేరుతో రాయించుకున్నారు. 1998లో ఆస్ట్రియా కొత్త చట్టం తెచ్చి ఇలాంటివి తిరిగిస్తామంది, అయినా వీళ్ళకి ఇవ్వం అన్నారు, పోనీ వియన్నా కోర్టుకి వెళ్దామంటే ఆస్తి విలువని బట్టి ఫీజు, కొంత మాఫీ చేశాక కూడా దాదాపు 350,000 డాలర్లు. అప్పటికి మరియాకి ఎనభై దాటాయి. అందుకే అమెరికాలో వేశారు, 2004లో అక్కడి సుప్రీంకోర్టు 6-3తో కేసు నడపొచ్చంది, తర్వాత ఇద్దరూ ఒప్పుకుని వియన్నాలోనే ముగ్గురు ఆస్ట్రియా మధ్యవర్తుల ముందు పెట్టుకున్నారు. అడెలే రాసింది కోరికే తప్ప కట్టుబాటు కాదని తేల్చింది వాళ్ళే, అమెరికా వాళ్ళు కాదు.

నీలిసిరా:
క్లిమ్ట్ బొమ్మ ఉంది కాబట్టి ఈ కేసు అందరికీ తెలిసింది, మామూలు కుటుంబాల సంగతి కూడా మాట్లాడుకోవాలి. 1938 ఏప్రిల్‌లో 5,000 రైష్‌మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు) దాటిన ఆస్తి ఉన్న యూదులందరూ లెక్క రాసివ్వాలని ఆర్డర్, వలస వెళ్ళేవాళ్ళ ఆస్తిలో నాలుగో వంతు పన్ను, 1941 నవంబర్‌లో దేశం బయట ఉన్న యూదుల పౌరసత్వం, ఆస్తి రెండూ రద్దు. బెర్లిన్‌లో యూదుల్ని నాజీ శిబిరాలకి రైలెక్కించేముందు పదహారు పేజీల ఫారం నింపించేవాళ్ళు, దుప్పట్లు ఎన్ని, కుర్చీలు ఎన్ని, చొక్కాలు ఎన్ని, చివర సంతకం. ఆ ఫారాలు పోట్స్‌డామ్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, తాతముత్తాతల ఇంట్లో ఏముండేదో మనవలకి తెలిసేది ఇప్పుడు వాటివల్లే. తూర్పు జర్మనీ వైపు ఇళ్ళు, స్థలాల కోసం అర్జీకి 1992 డిసెంబర్ 31 గడువు పెట్టారు, కుటుంబంలో ఒక్కరే బతికి ఇంకో ఖండంలో ఉంటే ఆ సంగతి వాళ్ళకి ఎవరు చెప్తారు?

పాతకాగితం:
@నీలిసిరా కరెక్ట్. గెలిచే దాకా రాని కేసులూ ఉన్నాయి, కాసిరర్ వాళ్ళది చూడండి. 1939లో లిల్లీ కాసిరర్ జర్మనీ దాటడానికి చిత్రకారుడు పిస్సారో వేసిన బొమ్మని 900 రైష్‌మార్కులకి ఇచ్చేసింది, ఆ డబ్బు కూడా ఆవిడ తీసుకోలేని ఖాతాలో వేశారు. మనవడికి అది 2000లో మాడ్రిడ్ మ్యూజియంలో దొరికింది, 2005లో అమెరికాలో కేసు వేశారు, ఆయన పోయాడు, కొడుకు నడుపుతున్నాడు. స్పెయిన్ చట్టం ప్రకారం అన్నేళ్ళు దగ్గర పెట్టుకున్నారు కాబట్టి మ్యూజియందే అని 2024లో కూడా తీర్పొచ్చింది, ఆ ఏడే కాలిఫోర్నియా చట్టం మార్చింది, 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి కొత్త చట్టం ప్రకారం మళ్ళీ చూడమని కింది కోర్టుకి పంపింది.

చదువరి77:
అందరికీ థాంక్స్ అండి. 1948 సంతకం సంగతి తెలియకే మ్యూజియం వైపు ఆలోచించా. రాధిక గారూ, ఆ మధ్యవర్తుల తీర్పు పూర్తి పాఠం ఎక్కడైనా దొరికితే లింక్ పెట్టగలరా?